నిర్దోషికి గడువులేని చెర

‘నిర్దోషి అని తేలాక కూడా మనిషిని ఎందుకు బంధిస్తారు?’ రాజమహేంద్రవరంలో ఒక తరగతిలో విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. చట్టం దగ్గర దీనికి జవాబుంది. చేస్తున్న పని తప్పని గ్రహించలేనంతగా మతిస్థిమితం తప్పినవాడిని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 (పాత శిక్షాస్మృతిలో 84) నేరానికి బాధ్యుణ్ని చేయదు. అయితే ఆ పని అతడే చేశాడని రుజువైతే, నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 374 ప్రకారం కోర్టు అతణ్ని సురక్షిత నిర్బంధంలో ఉంచుతుంది, లేదా పూచీకత్తు తీసుకుని బంధువులకు అప్పగిస్తుంది. ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ ఆ తరువాతి దశతోనే.

అతడిక ప్రమాదకారి కాదని జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ గానీ ఆసుపత్రి సందర్శకులు గానీ ధ్రువీకరించాలి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేయవచ్చు, చేయకపోవచ్చు. ఒక న్యాయాధికారి, ఇద్దరు వైద్యాధికారులతో కమిషన్ వేయవచ్చు. ఎన్నాళ్లలోగా? చట్టం చెప్పదు. ఏ కేసూ లేకుండా, నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగిని 30 రోజులు దాటి ఆసుపత్రిలో ఉంచాలంటే మాత్రం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సమీక్షా మండలి అనుమతి కోరుతుంది. ఆ అనుమతి మొదట 90 రోజులకు, తరువాత 120, ఆపై 180 రోజులకే. కోర్టు నిర్దోషిగా ప్రకటించిన వ్యక్తి దస్త్రం మాత్రం సచివాలయం తలచుకున్నప్పుడే కదలాలి!

గడువు లేకపోతే ఏమవుతుందో అస్సాంలో చూశాం. తివా ఆదివాసి మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో వైద్యులు కోలుకున్నాడన్నారు. ఇంటికి పంపలేదు, గువాహటి జైలుకు మార్చారు. అతడిపై విచారణే జరగలేదు. 2005లో, 54 ఏళ్ల తరువాత, ఒక్క రూపాయి సొంత పూచీకత్తుపై విడుదలయ్యాడు. 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన హజారీబాగ్ జైలు ఖైదీలలోనూ నయమయ్యాక ఏళ్ల తరబడి మగ్గినవారున్నారు.

ఆ ఒక్క రూపాయి దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. కోనసీమ మాలపల్లెలో పుట్టినవాడిగా పూచీకత్తు అంటే ఏమిటో నాకు చిన్ననాడే తెలుసు. పల్లెలో ఎవరిమీద కేసు పడ్డా పట్టాదారు పాసుపుస్తకమున్న రైతు అరుగు ముందు నిలబడాల్సిందే. ఆయన సంతకానికి వెల డబ్బు కాదు. వచ్చే కోతల్లో కూలి, ఆ తరువాత ఓటు. కాటన్ ఆనకట్ట నీరు పారే పొలాలను దళితులు కౌలుకు చేస్తారు గానీ, పట్టాలు చాలావరకు ఎవరి పేర్లమీద ఉన్నాయో డెల్టాలో అందరికీ తెలుసు. నయమైన కొడుకును తెచ్చుకోవడానికి ‘కోర్టుకు తృప్తి కలిగించే పూచీ’ ఇవ్వమంటే కూలితల్లి ఎక్కడికి పోతుంది? విశాఖ మానసిక ఆసుపత్రికి రానుపోను ఖర్చే ఆమెకు భారం. కులం చట్టంలో ఎక్కడా కనిపించదు, జామీను దగ్గర కనిపిస్తుంది.

డాక్టర్ సుధాకర్ ఉదంతం వేరు, అది నేరవిచారణ ముగిసిన కేసు కాదు. 2020 మేలో ఆ దళిత వైద్యుణ్ని విశాఖ పోలీసులు చేతులు వెనక్కి కట్టి తీసుకువెళ్లారు. చివరకు మానసిక ఆసుపత్రిలో చేర్చారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. తల్లి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌పై జూన్ మొదటి వారంలో ఆయన బయటికి రాగలిగారు. చదువు, న్యాయవాదులు, కెమెరాలు ఉన్నవాడికే హైకోర్టు దాకా పోవలసి వచ్చింది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో జైళ్ల గణాంకాల్లో ఖైదీల సామాజికవర్గాలకు ఒక పట్టిక, మానసిక రోగులకు వేరొక పట్టిక ఉంటాయి. ఆ రెంటినీ కలిపి చదివే అవకాశం పాఠకుడికి ఇవ్వరు. సెక్షన్ 374 కింద నిర్బంధంలో ఉన్న ప్రతి ఒక్కరి కేసును ఆరు నెలలకోసారి జిల్లా జడ్జి ముందు పెట్టాలి, అక్కడ న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది ఉండాలి. ఆస్తి పూచీకత్తు స్థానంలో లాలుంగ్‌కు సరిపోయిన సొంత పూచీకత్తే చాలనాలి. తొలి జాబితాను ఈ ఏడాదే, సామాజికవర్గాల వివరాలతో, ప్రభుత్వం హైకోర్టుకు సమర్పించాలి.