పాత కారు బానెట్ కింద ఎంత మెరుపు ఉండాలి?

పాత కారు కొన్నవాడు మొట్టమొదట చేయించే పని ఇంజను కడిగించడం. రెండోది, దానికి రంగు కొట్టించడం. మూడోది, నలుగుర్నీ పిలిచి బానెట్ ఎత్తి చూపించడం. ఇలా చేయనివాడు వుంటే అతను రెండో తెగకు చెందినవాడన్నమాట. ముప్ఫయ్యేళ్ల జిడ్డునీ మట్టినీ తాకనివ్వడు. "అదే ఇనుముకి కవచం, తుప్పు పట్టనివ్వదు" అంటాడు. ఈ ఇద్దరి మధ్యా వాదం ఎప్పటికీ తెగేది కాదు గానీ, ఇంజను వైపునుంచి ఆలోచిస్తే తీర్పు చెప్పడం అంత కష్టం కాదనుకుంటాను.

మనందరికీ తెలిసిన బండినే తీసుకుందాం. 1958 నుంచి 2014 దాకా బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరు. దాని పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇంగ్లండులో పుట్టింది, బి.ఎం.సి. వారి బి-సిరీస్ కుటుంబానిది. ఈ ఇంజనులో పెట్రోలు లోపలికి పోయే మానిఫోల్డూ, పొగ బయటికి పోయే మానిఫోల్డూ రెండూ ఒకే పక్కన వుంటాయి. అంటే కార్బ్యురేటరుకు దగ్గర్లోనే, మండే కుంపటిలాగా, పొగగొట్టం మొదలు! కార్బ్యురేటరు గాస్కెట్ కాస్త వదులై పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అదృష్టవశాత్తు పెట్రోలు కారిన చోట అది ఆరిపోయాక పసుపు, గోధుమ కలిసిన లక్కలాంటి మరక మిగులుతుంది. శుభ్రంగా వున్న ఇంజను మీద ఆ మరక దూరంనుంచే కనిపిస్తుంది. జిడ్డు పట్టిన ఇంజను మీద కనిపించదు. వారానికోసారి ప్రెషరు నీళ్లతో కడిగించే ఇంజను మీదా కనిపించదు, ఎందుకంటే మరక నిలిచేలోగా కొట్టుకుపోతుంది. కాబట్టి మొదటి తెగవాడూ రెండో తెగవాడూ ఇక్కడ ఒకే గోతిలో పడుతున్నారు.

ఆయిలు సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. పైన ట్యాపెట్ కవరు కింద బెండు గాస్కెట్ వుంటుంది. పక్కన, మానిఫోల్డు చాటున, మరో రెండు చిన్న కవర్లుంటాయి. వాటికీ బెండు గాస్కెట్లే. బెండు ఎండి బిగుసుకుపోతే ఆయిలు చెమర్చడం సహజం. మార్చుకుంటే సరిపోతుంది. క్రాంక్‌షాఫ్టు వెనుక చివర మాత్రం అలా కాదు. అక్కడ అసలు రబ్బరు సీలే పెట్టలేదు. షాఫ్టు మీద మరచుట్టులాంటి గాడి కోసి, తిరిగేటప్పుడు ఆయిలును మళ్లీ లోపలికి తోసేటట్టు ఏర్పాటు చేశారు. బండి ఆగితే ఆ గాడి పనీ ఆగుతుంది. అందుచేత రాత్రంతా నిలబెట్టిన చోట క్లచ్ హౌసింగు కింద రెండు మూడు చుక్కలు పడితే కంగారు పడనక్కరలేదు. అది తయారీదారు పెట్టిన స్వభావం. ఈ ఇంజను కింద ఒక్క చుక్క కూడా పడటంలేదని ఎవరైనా గొప్పగా చెబితే, నేనైతే ముందు ఆయిలు స్టిక్కు తీసి చూస్తాను, అసలు లోపల ఆయిలుందా అని.

పాత బండ్ల బేరాల్లో ఈ విషయానికి డబ్బు విలువ కూడా వుంది. అమ్మకానికి పెట్టే ముందు ఇంజను కడిగి, పైపుల మీద నల్లరంగు స్ప్రే కొట్టి, ట్యాపెట్ కవరుకి వెండిరంగు పూసే అలవాటు ఎక్కడైనా వుంది. కొనేవాడు "అబ్బ, ఎంత శ్రద్ధగా వుంచుకున్నాడో" అనుకుంటాడు. నిజానికి ఆ పూట చెరిగిపోయింది ఆ ఇంజను జాతకం. నీళ్ల పంపు కింద తెల్లని ఉప్పు చార, హెడ్ గాస్కెట్ అంచున తుప్పు మరక, పుల్లీ వెనుకనుంచి చక్రంలా చిమ్మిన ఆయిలు, వీటిని చదివే కొనుగోలుదారుకి అమ్మేవాడి మాటలతో పనివుండదు. తాజాగా మెరిసే ఇంజను చూపిస్తే, ఓ యాభై కిలోమీటర్లు నడిపి మళ్లీ బానెట్ ఎత్తమని అడగడం కొనేవాడి హక్కు.

శుభ్రత మాట అయింది. ఇక మెరుపు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త పట్టుదలగానే వుంటుంది: ఫాక్టరీనుంచి ఎంత మెరుపుతో వచ్చిందో అంతే వుండాలి. రోల్స్ రాయిస్ వారి పాత సిల్వర్ ఘోస్టు ఇంజనుమీద రాగి గొట్టాలు, ఇత్తడి బిగింపులు, అల్యూమినియం క్రాంక్‌కేసు వుంటాయి. వాటిని తళతళలాడించడం ఆనాటి డ్రైవర్ల నిత్యకృత్యం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ వుంది, చూసే వుంటారు. అటువంటి బండి ఇంజనుకు ఇత్తడి మెరుపు అందం, న్యాయం కూడా. అదే మెరుపు అంబాసిడరుకు తగిలిస్తే? పోతపోసిన ఇనుముకి రంగు వేసి పంపిన మధ్యతరగతి ఇంజను అది. దాని ట్యాపెట్ కవరుకి క్రోమియం పూత పూయించడమంటే బడిపంతులుకి జరీ తలపాగా చుట్టినట్టే. అల్యూమినియం భాగాల్ని బఫింగు చేయిస్తే మరీ నష్టం. ఇసుక అచ్చులో పోసినప్పుడు వచ్చిన గరుకుదనం ఒక్కసారి అరిగిపోతే ఇక తిరిగిరాదు.

అందం సంగతి అటుంచినా, అతిగా రంగు పూయడంవల్ల బండి ఆగిపోయే మార్గాలున్నాయి. కారులో కరెంటు బ్యాటరీకి తిరిగివచ్చే దారి బాడీయే. ఎర్త్ వైరు బిగించే చోట లోహం లోహాన్ని తాకాలి. అక్కడ రంగు దట్టిస్తే స్టార్టరు మూలుగుతుంది, లైట్లు మిణుకుమంటాయి, పాపం మెకానిక్కు బ్యాటరీని తిడతాడు. బోల్టుల మీద ఫాక్టరీ వేసిన పల్చని జింకు పూత ఉక్కు బ్రష్షుతో రుద్దితే పోతుంది. నెల తిరక్కుండా, విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనైతే ఇంకా ముందే, తుప్పు తేలుతుంది. రేడియేటరు రెక్కల మధ్య రంగు దళసరిగా పేరుకుంటే గాలి ఆడదు.

ఇంజను నంబరు మీద రంగు దట్టంగా పూయడం మాత్రం శుద్ధ తెలివితక్కువ. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన టూవీలర్లను, ఫోర్‌వీలర్లను వింటేజి వాహనాలుగా ప్రత్యేకంగా రిజిస్టరు చేసుకునే వీలు కల్పించింది. అయితే బండి మూలరూపంలో వుండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి వుండకూడదు. తనిఖీకి వచ్చినవాడికి నంబరు చదవరాకపోతే మన మెరుపు ఎవరికి కావాలి?

పై దేశాల్లో కూడా గాలి ఇటే తిరిగింది. అమెరికాలో 1950లో మొదలైన పెబుల్ బీచ్ ప్రదర్శనలో చాలాకాలం అద్దంలా తళతళలాడే బండ్లదే రాజ్యం. కొన్ని బండ్లు కొత్తగా ఫాక్టరీనుంచి వచ్చిననాడు కూడా అంత మెరిసివుండవు! అక్కడే 2001లో, మరమ్మతుల పేరిట కొత్తవి చేయని బండ్లకు విడిగా ఒక విభాగం పెట్టారు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా, వాడుకలో మిగిలిన గుర్తులను చరిత్రలో భాగంగానే చూడాలంటుంది. తనిఖీచేసిన కార్మికుడు రంగుతో పెట్టిన చుక్క, సగం చిరిగిన కంపెనీ చీటీ, వైరుపైన నూలు అల్లిక, ఇవన్నీ ఆ గుర్తులే. వీటిని ఊడబెరికి కొత్తవి అతికిస్తే కొత్తదనం వస్తుందేమో గాని సాక్ష్యం పోతుంది.

ఇంతకీ ఎలా శుభ్రం చెయ్యాలంటారా? ముందుగా అన్నిటినీ ఫోటో తీసుకోండి, ఏ మరక ఎక్కడుందో రేపు గుర్తుండదు. ఇంజను పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ వైరు తీసేయాలి. డిస్ట్రిబ్యూటరు, కాయిలు, డైనమో, కార్బ్యురేటరు నోరు ప్లాస్టిక్ సంచులతో కట్టెయ్యాలి. తరువాత కిరసనాయిలు, బ్రష్షు, పాత బనియన్ గుడ్డలు, ఓ మూడు గంటల ఓపిక. పెట్రోలు వాడే సాహసం వద్దు. కిరసనాయిలు కూడా రబ్బరు గొట్టాల మీద నిలవనివ్వకూడదు, ఉబ్బుతాయి. బ్యాటరీ కొసల మీద తెల్లగా పూసిన బూజుకి వంటసోడా నీళ్లు చాలు, ఆరాక కాస్త వ్యాసలీను రాయాలి. రేడియేటరులో చిక్కిన వడ్లపొట్టునీ పురుగుల్నీ ఇంజను వైపునుంచి నీళ్లు నెమ్మదిగా వదిలి తొయ్యాలి. ముందునుంచి గట్టిగా కొడితే ఇంకా లోపలికి దిగబడతాయి. అంతా అయ్యాక కిరసనాయిలు వాసన పూర్తిగా పోయేదాకా బానెట్ తెరిచే వుంచి, అప్పుడు స్టార్టు చేయండి. మర్నాడు ఉదయం బండి కింద పాత దినపత్రిక ఒకటి పరచండి. చుక్క ఎక్కడ పడిందో ఆ సాయంత్రం చూసి, గాస్కెట్ల కోసం బజారుకి బయల్దేరవచ్చు.