తరిగొండ వెంగమాంబ అవతారిక: అవిద్యాప్రకటనము, రచనాధికారము

వేంకటాచల మాహాత్మ్యమునకు వ్రాసికొన్న అవతారికలో తరిగొండ వెంగమాంబ తన్ను గూర్చి చెప్పిన మాటలు ఆలోచింపదగినవి. తాను బాల్యమున ఆచార్యుల చెంత ఓనమాలైనను నేర్వలేదనియు, తరిగొండ నృసింహుడు పలికింపగా పలికితిననియు ఆమె నివేదించుకొన్నది. ఈ మాటలను యథాతథముగా గ్రహించి ఆమెను నిరక్షరాస్యగా భావించుటయు, కావ్యములన్నియు దైవానుగ్రహమాత్రమున వెలసినవని తలచుటయు పరిపాటి యైనది. భక్తులకు అంతమాత్రము చాలును. సాహిత్యచరిత్ర వ్రాయువారికి మాత్రము చాలదు. ఏలయన, ఆ మాటను నమ్మినచో కావ్యములకు కర్త్రి లేకపోవును; నమ్మనిచో ఆమె అసత్యమాడినదని అనవలసి వచ్చును. ఈ రెండును గాక మూడవ త్రోవ కలదని నా అభిప్రాయము.

తరిగొండ గ్రామము 2022 వఱకు చిత్తూరు జిల్లాలో నుండినది. వెంగమాంబ అచట సుమారు 1730 ప్రాంతమున నందవరీక బ్రాహ్మణ కుటుంబమున జన్మించినది. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. బాల్యముననే వివాహము, వెనువెంటనే వైధవ్యము సంభవించినవి. నాటి ఆచారము ననుసరించి శిరోముండనమునకును, పసుపుకుంకుమల త్యాగమునకును ఆమె సమ్మతింపలేదు. వేంకటేశ్వరుడే తన భర్త యనియు, తనకు వైధవ్యము లేదనియు ఆమె వాదము. ఈ విషయమున ఒక పీఠాధిపతి ఆమెను నిలదీసెననియు, ఆమె నమస్కరింపగా ఆయన పీఠము దగ్ధమయ్యెననియు ఐతిహ్యము. దాని సత్యాసత్యముల నటుంచుదము. ఇట్టి కథ పుట్టవలసి వచ్చిన దన్న, ఆమె తలమీది జుట్టు ఊరిపెద్దలకెల్ల చర్చనీయాంశమైన దని స్పష్టము. పిదప ఆమె తిరుమలకు చేరి, తుంబురుకోనలో తపస్సు చేసి, కొండపైననే 1817లో సమాధిస్థురాలైనది.

ఇక గ్రంథసాక్ష్యమును పరిశీలింతము. ఆమె రచనలలో శతకము కలదు, యక్షగానములు కలవు, ద్విపదలు కలవు, పద్యకావ్యములు కలవు. వాసిష్ఠ రామాయణము ద్విపద. దానికి మూలము సంస్కృతమున దుర్గమమని పేరుపడిన యోగవాసిష్ఠము. భాగవతమును గూడ ఆమె ద్విపదలో రచించినది. అష్టాంగయోగసారమున యమనియమాది పరిభాష యంతయు తడబాటు లేక నడచినది. ద్విపద సులభచ్ఛందమని మనము తేలికగా అందుము గాని, పాదమునకు మూడింద్రగణములు, ఒక సూర్యగణము, మూడవ గణము మొదట యతి, ఆపై ప్రాస, ఇవి వేలకొలది పాదములందు నిలుపుట చెవిమాత్రముతో అగు పనియా? కొంతవఱకు అగును. నాటి బాలికలకు చదువు వీథిబడిలో కాదు, దేవళము మంటపములో జరుగు పురాణశ్రవణమున లభించెడిది. పాడెడు ఛందస్సు గనుక ద్విపద ఆడువారి నోట నిలిచెడిది. కాని వేంకటాచల మాహాత్మ్యము వంటి పద్యకావ్యమును, పురాణములలో చెదరియున్న కథలను కూర్చి సంధించిన కావ్యమును, వినికిడి ఒక్కటియే ఇచ్చినదనుట పొసగదు. అదియును గాక, మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. గురువు కలిగిన శిష్యురాలు తనకు గురువుచెంత అక్షరాభ్యాసము లేదనుట కొంత విలక్షణమే కదా.

వినయము స్త్రీలకే పరిమితము కాదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. పలికించెడివాడు రామభద్రుడని పోతన చెప్పలేదా? చెప్పెను. అయితే తాను అక్షరము నేర్వలేదని పోతన అనలేదు. ఆ మాట అన్నవారిలో వెంగమాంబకు ముందుది ఆతుకూరి మొల్ల. తన రామాయణమున శాస్త్రములు, నిఘంటువులు, అలంకారములు తానెఱుగనని ఆమె జాబితా వ్రాసియే చెప్పినది. ఎఱుగనివాటికి ఇంత వివరమైన జాబితా వ్రాయుట ఎఱిగినవారికే సాధ్యము! మా విద్యార్థులు ఈ భాగము చదివినప్పుడెల్ల నవ్వుదురు. ఆ నవ్వు న్యాయమే.

ఇదే కాలమునకు కొంత ముందు ఐరోపాలో ఇట్టి నివేదనయే వినబడినది. స్పెయిను దేశపు సన్యాసిని అవిలా తెరేసా (1515–1582) తన ఆత్మచరిత్రను పాపనివేదనము విను గురువుల ఆజ్ఞచేత వ్రాసినది. తాను స్త్రీననియు, విద్యాహీననియు పలుమార్లు చెప్పుకొన్న ఆమెయే తల్లితో గూడి వీరశృంగార కథలు చదివితిననియు, అగస్టీను గ్రంథమును చదివితిననియు అందే తెలిపినది. 1559లో దేశభాషలలోని అనేక మతగ్రంథములను నిషేధించినప్పుడు తాను దుఃఖించితిననియు వ్రాసినది. ఆ గ్రంథము మతవిచారణాధికారుల పరిశీలనకు పోయినది. స్త్రీ బోధించుట దోషమనుకొన్న సమాజమున, “నేను బోధించుట లేదు, వ్రాయుమన్నందున వ్రాయుచున్నాను” అనుటయే వ్రాయుటకు అనుమతిపత్రము. తెరేసాకు ఆజ్ఞ ఇచ్చినవారు గురువులు. వెంగమాంబకు నృసింహుడు. ఒకరు క్రీస్తు వధువు, ఒకరు వేంకటేశుని భార్య. ఈ పోలిక ఇంతవఱకే. ఐరోపా సన్యాసినికి మఠమను వ్యవస్థ ఉన్నది. 1563లో ట్రెంటు మహాసభ ఆ మఠద్వారములను మఱింత బిగించినది. తరిగొండ బాలవితంతువునకు అట్టి మఠము లేదు. పుట్టింటి వెనుకగది మాత్రము కలదు. తన స్థానమును ఆమెయే నిర్మించుకొనవలసి వచ్చినది.

ఇందుకు ఎదురుగా ముద్దుపళనిని నిలిపి చూడుడు. తంజావూరు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున రాధికాసాంత్వనము రచించిన ఆమె వెంగమాంబకు సమకాలికురాలు. ఆమె అవతారికలో విద్యాహీనత మాటయే లేదు. తన స్త్రీవంశమును వర్ణించి, తన రూపమును, తన పాండిత్యమును, తనవలన విద్వాంసులు పొందిన సత్కారములను సగర్వముగా చెప్పుకొన్నది. వెనీసు నగరపు వేశ్యాకవయిత్రి వెరోనికా ఫ్రాంకో (1546–1591) స్వరమును ఇట్టిదే. చదువు వృత్తిలో భాగమైన చోట దానిని దాచవలసిన పని లేదు. గృహస్థకుటుంబపు స్త్రీకి చదువు దాచదగిన వస్తువు. అయితే దాచనందుకు ముద్దుపళని వెల చెల్లింపవలసి వచ్చినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటించిన ప్రతిని మరుసటి యేడు ప్రభుత్వము నిషేధించినది; 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. వెంగమాంబ కృతులకు అట్టి ఆపద రాలేదు.

తాళ్లపాక తిమ్మక్క సంగతి వేఱు. అన్నమాచార్యుని భార్యయై, సుభద్రాకల్యాణమును మంజరీద్విపదలో కూర్చిన ఆమె సుమంగళి. ఆ ఇల్లే కవుల ఇల్లు. కాబట్టి గృహిణికి రచన సర్వథా నిషిద్ధమని చెప్పరాదు. ఇంటిలో తాళపత్రములు, గంటము, వినువారు ఉన్నచో అది సాగినది. వెంగమాంబకు అత్తవారిల్లే లేదు.

తిరుమలలో స్త్రీలకు పేరు నిలుపుకొను మార్గము మఱియొకటి పూర్వమునుండి ఉండినది. అది దానము. 966లో సామవై అను పల్లవరాణి స్వామికి వెండి ప్రతిమను సమర్పించినది. కృష్ణదేవరాయలతో కూడ వచ్చిన తిరుమలదేవి, చిన్నాదేవి 1513లో బంగారు గిన్నెలు సమర్పించిరి. విజయనగర కాలపు శాసనములలో ఆలయసేవకురాండ్రైన సానులును దాతలుగా కనబడుదురు. దాత ఇచ్చిన ధనము శ్రీభండారము చేరెడిది. దానితో దేవస్థానపు గ్రామములలో కాలువలు, చెఱువులు త్రవ్వించి, ఆ ఫలసాయముతో నైవేద్యము జరిపి, ప్రసాదమున నాలుగవ పాలు దాతకు ఇచ్చెడివారు. ఈ పద్ధతికి ధనము కావలెను. వెంగమాంబకు స్వంత సొత్తు లేదు. అయినను ఆమె కొండమీద యాత్రికులకు అన్నదానము నడపినది. 2011లో ప్రారంభమైన దేవస్థానపు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. అన్నియు ఎఱుగనన్న స్త్రీకి ఇంతమందికి వండి వడ్డించు వ్యవహారము ఎట్లు తెలిసినదో ఆ అవతారిక చెప్పదు.

రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి పాడిన పిమ్మట ఆమె పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ఆరతి అని కొండమీద వాడుక. ఇందు మొదటివారు వంశమంతయు కవులైనవారు. రెండవవారన్న పేరు వెనుక నున్నది ఒక్క స్త్రీ.