పదియణాల నిజము

“చారు పులుపెక్కినచో కొంచెము బెల్లము వేయుము” అని అత్తగారు కోడలికి చెప్పును. ఎంత పులుపు, ఎంత బెల్లము అని ఆమె కొలిచి చెప్పదు. అయినను చారు కుదురును. ఇట్టి మాటలు శాస్త్రమునకు పనికిరావని పండితులు చిరకాలము తలంచిరి.

కొండపై పొగ యున్నచో నచట నిప్పు గలదని మన తార్కికు లూహింతురు. పొగ ఉన్నది, లేదు అను రెండే పక్షములు. పులుపునకు రెండు పక్షములు చాలవు. పూర్తి నిజమును పదునారణాల నిజ మందుము గదా. పులుపు నాలుగణాలైనను కావచ్చును, పన్నెండణాలైనను కావచ్చును. 1965లో అమెరికాలోని బర్క్లీలో ఆచార్య లోట్ఫీ జాదే యీ పాళ్లకే గణితము కట్టి చూపెను. దానినే ఫజీ లాజిక్, అనగా అస్పష్ట తర్కము, అందురు.

ఇందు “అయినచో” అను నియమము నడచు తీరు వినదగినది. షరతు ఎన్ని యణాల నిజమో ఫలమునకు నన్ని యణాల బలమే. “పులుపును కారమును హెచ్చినచో బెల్లము వేయుము” అన్నచోట పులుపు పన్నెండణాలు, కారము ఆరణాలు అయినచో, తక్కువదానినే గ్రహించి యా నియమమున కారణాల బల మిత్తురు. అదే క్షణమున మరియొక నియమము “బెల్లము వలదు” అనవచ్చును. దానిని త్రోసివేయరు. అన్నిటి మాటలను వాని బలము కొలది కలిపి నడిమి మాట తేల్తురు. ఇంటి పెద్దలు కూర్చుండి తగవు తీర్చుటయు నిట్లే గదా!

1974లో లండనులో ఆచార్య ఇబ్రహీం మందానీ “ఒత్తిడి మిక్కిలి తగ్గినచో వేడిమి బాగుగ పెంచుము” వంటి నియమములతోనే చిన్న ఆవిరియంత్రమును నడిపించెను. 1987లో జపానులోని సెండాయి నగరమున భూగర్భపు రైలు ప్రారంభమైనపుడు దానిని కుదుపు లేకుండ నిలుపుటకు నీ తర్కమే తోడ్పడెను. పిమ్మట నది యచటి బట్టలుతుకు యంత్రములలోనికిని, అన్నము వండు కుక్కర్లలోనికిని వచ్చెను. అత్తగారి “కొంచెము” వంటింటికే తిరిగివచ్చుట నాకు ముచ్చటగా నున్నది.

ఇచట పలువురు పొరబడుదురు. “బిడ్డకు కొంచెము జ్వరమున్నది” అనుట వేరు, “బిడ్డకు జ్వరమున్నదేమో” అనుట వేరు. మొదటిది పాలు, రెండవది సందేహము. 1970 తరువాతి యేండ్లలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు నిర్మించిన మైసిన్ అను నిపుణ వ్యవస్థ యీ రెండవదానినే లెక్కించెను. రక్తమును సోకిన క్రిములను గుర్తించుటకు దానికి వందలకొలది “అయినచో” నియమములు నేర్పి, ఒక్కొక్క ఫలమును ఎంతవరకు నమ్మవచ్చునో సంఖ్యతో చెప్పించిరి. 1979లో ప్రకటించిన పరీక్షలో నది నిపుణులైన వైద్యులకు తీసిపోలేదు. అయినను రోగులకు దానిని వాడుకలో పెట్టలేదు. అది తప్పు చెప్పి ప్రాణము పోయినచో బాధ్యు లెవ్వరను ప్రశ్నయు నందు కొక యడ్డంకి. ఆ ప్రశ్నకు మాత్రము మైసిన్ నియమములలో జవాబు లేదు.