చూచువారికిని, వెదకువారికిని



కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, తుగ్గలి మండలమందు, జొన్నగిరి యను గ్రామము కలదు. తొలకరి వాన కురియగానే జనులు వజ్రములకై చేలలో వంగి నేలను పరికించుచు తిరుగుట అచ్చటి వాడుక. అశోకుని కాలపు సువర్ణగిరి యిదియే యని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. సమీపమందలి ఎఱ్ఱగుడి బండలపై ఆ చక్రవర్తి శాసనములు నేటికిని నిలిచియున్నవి.

ఈ శాసనములను పదిమందికి తెలుపగోరి నేనొక వెబ్‌సైటు నిర్మించితిని. పటముపై వ్రేలు మోపినచో ఒక్కొక్క శాసనకథ తెరచుకొనును. పుటను జరపినకొలది క్రొత్త బొమ్మలు వచ్చును. మిత్రులు మెచ్చుకొనిరి. కాని మాసములు గడచినను, ఎఱ్ఱగుడి శాసనములకై గూగుల్‌లో వెదకినవారికి నా పుట కానరాలేదు.

కారణమేమి? సెర్చ్ ఇంజను మనవలె చూడదు. మొదట సర్వరు పంపిన పుటలోని వ్రాతను చదువును. అందలి లంకెలను పట్టుకొని వేఱు పుటలకు పోవును. చదివిన మాటలను తన పదసూచికలో చేర్చుకొనును. జావాస్క్రిప్టు పిమ్మట కూర్చు వ్రాతనుగూడ గూగుల్ చదువగలదు గాని, అందుకై పుటను మరల తన యొద్ద నడిపి చూడవలెను, జాగు కలుగవచ్చును. అన్ని యంత్రములకును ఆ శక్తి లేదు. పైగా అది మీట నొక్కదు, పటముపై వ్రేలు మోపదు. నా వ్రాతయో, నొక్కినగాని రానిది! అతిథి గుమ్మము వఱకు వచ్చి, తలుపు మూసియుండుట చూచి, మరలిపోయినట్లయినది.

తెలుగువారికిది క్రొత్త యనుభవము గాదు. 1991 లోనే యూనికోడునందు తెలుగునకు స్థానము లభించినను, 2000 తరువాత కొన్నేండ్ల వఱకు పెక్కు తెలుగు పత్రికలు తమ సొంత ఫాంటులతోనే పుటలను వెలయించెను. కంటికది చక్కని తెలుగు. యంత్రమునకు పొసగని లాటిను గుర్తులు. తెలుగున వెదకినవారికి ఆ వార్తలు దొరకలేదు. ‘పద్మ’ యను ఉపకరణము ఆ వ్రాతను యూనికోడునకు మార్చి చదువరులకు కొంత మేలొనర్చెను.

ఎఱ్ఱగుడి లఘు శిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచును. నడక యెంత వింతయైనను అక్షరము రాతి మొగముననే యున్నది. కావుననే మనము చదువగలిగితిమి.

నేనును ఆ మార్గమునే పట్టితిని. శీర్షిక, వివరణము, ఊరికి దారి, ఇవన్నియు సర్వరు పంపు మొదటి పుటయందే వ్రాసితిని. ఒక్కొక్క శాసనమునకు వేఱు చిరునామాయు, నిజమైన లంకెయు నిచ్చితిని. ప్రతి బొమ్మకును మాటలలో వివరణ చేర్చితిని. పటమును తీసివేయలేదు, వ్రాతపైననే దానిని అమర్చితిని. కొన్ని వారములకు గుత్తినుండి ఎఱ్ఱగుడికి దారి యడుగుచు ఒక విద్యార్థి జాబు వ్రాసెను. వెదకగా నా పుట దొరకినదట!

కావున వెబ్‌సైటు కట్టించువారికి నా మనవి యొక్కటే. ఆటపాటలన్నిటిని క్షణకాలము ఆపి చూడుడు. అప్పుడును పుటలో చెప్పవలసిన మాట మిగిలియున్నచో, పిదప నెన్ని సొగసులైనను కూర్చుకొనవచ్చును.