వారానికి ఒక్కటే!
మోకాళ్ల నొప్పులని వెళ్తే డాక్టరు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశారు... 'వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు' అని. బీపీ మాత్రలాగే అదీ రోజూ వేసుకోవాలనుకుని పెద్దాయన పొద్దున్నే పాలల్లో కలుపుకుని తాగేస్తుంటారు. విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అని ఇంట్లోవాళ్లూ పట్టించుకోరు. ఇలాంటి పొరపాటు అరుదేం కాదు.

ఆ చిన్న ప్యాకెట్‌లో సాధారణంగా ఉండేది 60,000 యూనిట్లు. పెద్దవాళ్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజూ తీసుకోవడానికి గరిష్ఠ పరిమితి 4,000 యూనిట్లే! బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకూ మూత్రంలో పోతాయి. ఎ, డి, ఇ, కెలు కొవ్వులో కరిగే రకం. వీటిలో ఎ, డిలు ఒంట్లో పోగుపడతాయి.

డి మోతాదు మరీ మించితే రక్తంలో క్యాల్షియం పెరుగుతుంది. ఆకలి ఉండదు, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత, తికమక... ఇవన్నీ వయసు ప్రభావమేనని ఊరుకుంటే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మందు ఆపేసినా కొవ్వులో చేరిన విటమిన్ ఒక్కోసారి నెలల తరబడి వదలదు. అందుకే ఈ లక్షణాలుంటే వెంటనే డాక్టరుకు చెప్పి, క్యాల్షియం పరీక్ష చేయించాలి.

గర్భిణులైతే విటమిన్ ఎ మాత్రలు సొంతంగా అసలు వేసుకోకూడదు. మోతాదు మించితే బిడ్డకు పుట్టుకతోనే లోపాలు రావచ్చు.

డి ప్యాకెట్లను రోజువారీ మాత్రల డబ్బాలో పెట్టకండి. క్యాలెండర్‌లో ఎనిమిది ఆదివారాలకు సున్నా చుట్టి, వేసుకున్న రోజు కొట్టేస్తే సరి.