ఇంటర్‌ఫెరాన్ చికిత్స - థైరాయిడ్ సమస్యలు

హెపటైటిస్-సి వైరస్‌ను 1989లో గుర్తించారు. 1990ల నుండి రెండు దశాబ్దాల పాటు దాని చికిత్సకు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లే ప్రధాన ఆధారంగా నిలిచాయి. ఈ ఔషధం వైరస్‌ను ఎదుర్కొనేలా రోగనిరోధక వ్యవస్థను ప్రేరేపిస్తుంది. అయితే కొందరిలో ఆ వ్యవస్థ థైరాయిడ్ గ్రంథిపైనే దాడి చేస్తుంది. ఫలితంగా గ్రంథి మందగించవచ్చు, లేదా హార్మోన్ అధికం కావచ్చు. స్త్రీలకు, థైరాయిడ్ ప్రతిరక్షకాలు ముందే ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

నీరసం, మానసిక కుంగుబాటు ఇంటర్‌ఫెరాన్ వల్ల కూడా కలుగుతాయి. కనుక థైరాయిడ్ లోపం వాటి చాటున మరుగునపడే ప్రమాదం ఉంది. చికిత్సకు ముందు, చికిత్సాకాలంలో సుమారు మూడు నెలలకోసారి చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష దానిని బయటపెడుతుంది. లోపం తేలినా, లెవోథైరాక్సిన్ మాత్రలు వాడుతూ కాలేయ చికిత్సను సాధారణంగా కొనసాగించవచ్చు.

2013 తరువాత నేరుగా వైరస్‌పై పనిచేసే మాత్రలు రావడంతో ‘సి’ రకానికి ఇంటర్‌ఫెరాన్ అవసరం దాదాపు తీరిపోయింది. ‘బి’, ‘డి’ రకాల చికిత్సలో అది ఇంకా వాడుకలో ఉన్నందున ఈ పరీక్షకు ప్రాధాన్యం తగ్గలేదు.