కమిషనర్‌ను తీసేయడం అంత తేలికా?

2021 ఫిబ్రవరిలో విశాఖ జిల్లా చోడవరం మండల పల్లెల్లో జనం పంచాయతీ ఎన్నికల బ్యాలెట్ పత్రాలు మడిచి పెట్టెల్లో వేశారు. అంతకుముందు ఏడాది ఆ ఎన్నికలు నడపాల్సిన పదవి చుట్టూ పెద్ద న్యాయపోరాటమే జరిగింది.

కరోనా కారణంగా 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. ఆయన పదవి పోయింది. మర్నాడే విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్ వచ్చారు.

కమిషనర్‌ను నియమించేది గవర్నరే. తొలగించాలంటే మాత్రం హైకోర్టు జడ్జికి వర్తించే పద్ధతే, అంటే పార్లమెంటు ఉభయ సభల ఆమోదం కావాలి. నియామకం తర్వాత సర్వీసు షరతులను నష్టం కలిగేలా మార్చకూడదని రాజ్యాంగం 243కె అధికరణం చెబుతోంది. పాలకులకు నచ్చని నిర్ణయం తీసుకోవడానికి కమిషనర్ జంకకూడదంటే ఈ కంచె ఉండి తీరాలి.

మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. అయినా రమేశ్ కుమార్‌ను తిరిగి నియమిస్తూ గవర్నర్ ఉత్తర్వు జూలై నెలాఖరుకు గానీ రాలేదు. రమేశ్ కుమార్ 2021 మార్చి 31 వరకు కొనసాగారు.